ఫ్రెంచి పల్లెసీమలో విశ్రాంతి

మానవ జీవితంలో శ్రమకు ఎంతటి స్థానం ఉన్నదో విశ్రాంతికి కూడా అంతటి స్థానం ఉన్నది. శ్రమను గురించి మన పెద్దలు ఎన్నో మంచి మాటలు చెప్పారు. విశ్రాంతిని గురించి మాత్రం అంతగా చెప్పినట్లు కనిపించదు. పనులన్నీ ముగిసిన తరువాత ఏమైనా కాలం మిగిలితే అదే విశ్రాంతి అని చాలామంది భావిస్తారు. తెలుగులో 'సెలవు' అనే మాటనే పరిశీలించండి. ఆజ్ఞ, అనుమతి, వీడ్కోలు అనే అర్థాలు ఈ మాటకు ఉన్నాయి. 'పెద్దలు సెలవిచ్చారు' అంటాము. 'సెలవు ఇప్పించండి' అని అర్జీ రాస్తాము. సెలవు అనేది పైవారి దయవల్ల లభించేదే గాని మనకు సహజంగా చెందినది కాదన్న భావం ఈ మాటలోనే ఇమిడి ఉన్నది.

విశ్రాంతి పైవారి దయ కాదు, శ్రమించే ప్రతివారి హక్కు అని చట్టం చేసిన దేశాలలో ఫ్రాన్స్ ఒకటి. ఆ హక్కు వల్ల అక్కడి నగరవాసుల జీవితంలోను, పల్లెల జీవితంలోను గొప్ప మార్పు వచ్చింది. పసిబిడ్డలతో కూడిన కుటుంబాలు ఏదో ఒక పల్లెలో వారం పదిరోజులు నిలకడగా గడిపి రావడం అక్కడ ఒక సంప్రదాయంగా రూపొందింది. ఆ సంప్రదాయం ఎట్లా పుట్టిందో, అందులోని మంచి ఏమిటో, లోపాలు ఏమిటో తెలుసుకోవడం మనకు కూడా ప్రయోజనకరమే.

వేసవిలో నగరాన్ని విడిచి చల్లని చోటికి వెళ్ళి సేదదీరడం ఒకప్పుడు ఫ్రాన్స్‌లో కలిగినవారికి మాత్రమే సాధ్యమయ్యేది. కర్మాగారంలో పనిచేసే కార్మికునికి పనిలేని రోజు అంటే కూలి లేని రోజే. 1936 వసంతకాలంలో జరిగిన ఎన్నికలలో వామపక్షాల కూటమి అయిన ప్రజాఫ్రంట్ విజయం సాధించింది. ఆ మే, జూన్ నెలలలో కార్మికులు లక్షల సంఖ్యలో సమ్మెకు దిగి, కర్మాగారాలలోనే బైఠాయించారు. ప్రధాని లియోన్ బ్లూమ్ ప్రభుత్వం వారి కోరికలు పెక్కింటిని అంగీకరించింది. 1936 జూన్ 20వ తేదీ నాటి చట్టం కార్మికులకు ఏడాదికి రెండు వారాల వేతనంతో కూడిన సెలవును కల్పించింది. క్రీడలు, వినోద వ్యవహారాలు చూసే లియో లగ్రాంజ్ ఆ సెలవులో ప్రయాణించేవారికి రైలు ఛార్జీలో 40 శాతం తగ్గింపు ఏర్పాటు చేయించారు. ఆ వేసవిలోనే లక్షలాదిమంది రైలెక్కారు. జీవితంలో మొదటిసారి సముద్రాన్ని చూసినవారు వారిలో ఎందరో ఉన్నారు. ఆ తరువాత సెలవు 1956లో మూడు వారాలకు, 1969లో నాలుగు వారాలకు, 1982లో ఐదు వారాలకు పెరిగింది.

నగరంలో ఈ మార్పు జరుగుతుండగా పల్లెలలో మరొక మార్పు జరిగింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి ఫ్రాన్స్‌లో పనిచేసేవారిలో సుమారు మూడవ వంతు మంది వ్యవసాయం మీదనే ఆధారపడి ఉండేవారు. ట్రాక్టర్లు, కొత్త వంగడాలు, ఎరువులు వచ్చిన కొద్దీ పొలానికి కావలసిన మనుషుల సంఖ్య తగ్గిపోయింది. జాన్ ఫురాస్తియే అనే ఆర్థికవేత్త 1979లో ప్రచురించిన ఒక గ్రంథంలో ఈ మార్పును అందరికీ అర్థమయ్యేట్లు వివరించారు. ఆయన రెండు పల్లెలను పక్కపక్కన పెట్టి వర్ణిస్తారు. మొదటి దానిలో 208 మంది సేద్యగాళ్ళు ఉంటారు. రెండవ దానిలో 53 మందే ఉంటారు. చివరకు ఆ రెండూ ఒకే పల్లె అని పాఠకునికి తెలుస్తుంది. అది దక్షిణ ఫ్రాన్స్‌లోని దువెల్ గ్రామం. మొదటిది 1946 నాటి స్థితి, రెండవది 1975 నాటి స్థితి. ఇట్లా సేద్యగాళ్ళు తగ్గిపోగా, వారు కాపురమున్న రాతి ఇళ్ళు, ధాన్యపు కొట్లు, పశువుల శాలలు ఎన్నో పల్లెలలో పాడుపడసాగాయి.

ఒకవైపు సెలవు ఉండి కూడా హోటలు ఖర్చు భరించలేని నగర కుటుంబాలు, మరొకవైపు ఇళ్ళు ఉండి కూడా ఆదాయం లేని పల్లె కుటుంబాలు. ఈ రెండింటినీ కలపవచ్చునన్న ఆలోచన ఎమిల్ ఓబేర్ అనే సెనేటరుకు కలిగింది. ఆల్ప్స్ పర్వతాల దక్షిణ భాగంలోని లా జావీ గ్రామంలో 1951లో మొదటి పల్లె బస ప్రారంభమైంది. పాత ఇంటిని బాగుచేసుకోవడానికి రైతుకు ఆర్థిక సహాయం అందుతుంది. దానికి బదులుగా అతడు ఆ ఇంటిని సెలవులకు వచ్చే కుటుంబాలకు అద్దెకు ఇవ్వాలి. ఇదీ ఏర్పాటు. 1955లో ఇటువంటి ఇళ్ళ యజమానులందరికీ కలిపి ఒక జాతీయ సమాఖ్య ఏర్పడింది.

ఈ బసను ఫ్రెంచి భాషలో 'జీత్' అంటారు. తలదాచుకొనే చోటు అని దాని అర్థం. మన 'జీతం' అనే మాటకూ దీనికీ ఏ బంధుత్వమూ లేదు. అయినప్పటికీ జీతంతో కూడిన సెలవే లేకపోతే ఈ జీత్ పుట్టి ఉండేది కాదనడంలో అతిశయోక్తి లేదు.

జీత్ అంటే సామానులతో సహా అద్దెకు దొరికే స్వతంత్రమైన ఇల్లు. అందులో వంటగది, పాత్రలు, పడకలు, కొంచెం పెరడు ఉంటాయి. సాధారణంగా వారం రోజుల చొప్పున అద్దెకు ఇస్తారు. శనివారం సాయంత్రం చేరి, మరుసటి శనివారం ఉదయం ఖాళీ చేయడం వాడుక. ముందుగా అడిగితే చాలాచోట్ల పసివాళ్ళ మంచం, అన్నం తినేటప్పుడు కూర్చోబెట్టే ఎత్తు కుర్చీ కూడా సమకూరుస్తారు. దుప్పట్లు, తువాళ్ళు అద్దెలో చేరి ఉన్నాయో లేదో ముందే కనుక్కోవాలి. ఇంటి సౌకర్యాలను బట్టి సమాఖ్య వారు ఒకటి నుండి ఐదు వరకు గోధుమ కంకుల గుర్తులు ఇస్తారు. యజమాని తరచుగా ఆ ఆవరణలోనో పక్క ఇంటిలోనో ఉంటాడు. కోడిగుడ్లు ఎక్కడ దొరుకుతాయో, వైద్యుడు ఏ ఊళ్ళో ఉన్నాడో అతడే చెబుతాడు.

ఇటువంటి సెలవుకు పేరుపొందిన ప్రాంతాలలో ఫ్రాన్స్ నైరుతి భాగంలోని దొర్దోన్ జిల్లా ఒకటి. పెరిగోర్ అనేది ఈ ప్రాంతానికి పాత పేరు. దొర్దోన్ నది ఈ సీమలో పచ్చని పొలాల నడుమ మెలికలు తిరుగుతూ ప్రవహిస్తుంది. నదికి ఇరువైపులా పసుపు వన్నె సున్నపురాతి కొండచరియలు, వాటిని ఆనుకొని అదే రాతితో కట్టిన ఇళ్ళు కనిపిస్తాయి. ఇంకొంచెం లోపలికి వెళితే ఓక్ అడవులు, అక్రోటు తోటలు ఉంటాయి. పారిస్ నుండి బోర్దో నగరానికి వేగంగా వెళ్ళే రైలులో రెండు గంటలకు కొంచెం అటూ ఇటూ పడుతుంది. అక్కడి నుండి సార్లా పట్టణానికి చిన్న రైలు ఉన్నది. అయితే పల్లె నుండి పల్లెకు బస్సులు తక్కువ. పసిబిడ్డ ఉన్న కుటుంబం చాలావరకు కారు మీదనే ఆధారపడవలసి వస్తుంది. కారులో పిల్లలను వారి వయసుకు తగిన ప్రత్యేక ఆసనంలోనే కూర్చోబెట్టాలని అక్కడి చట్టం నిర్దేశిస్తున్నది.

ఇక పల్లెలో ఒక రోజు ఎట్లా గడుస్తుందో చూద్దాం. ఉదయం రొట్టెల దుకాణానికి నడిచి వెళ్ళడంతో రోజు మొదలవుతుంది. పెద్దల అడుగులతో పది నిమిషాల దూరం మూడేళ్ళ బిడ్డతో వెళితే అరగంట అవుతుంది. దారిలో ప్రతి నత్తను పలకరించాలి, ప్రతి గులకరాయినీ ఏరుకోవాలి. దుకాణంలో అడుగుపెట్టగానే 'బోంజూర్' అని పలకరించడం అక్కడి మర్యాద. పలకరించకుండా సరుకు అడగడాన్ని వారు మోటుదనంగా భావిస్తారు. బిడ్డ నేర్చుకొనే మొదటి ఫ్రెంచి మాట చాలావరకు ఇదే అవుతుంది.

సార్లా పట్టణంలో బుధవారం, శనివారం సంత జరుగుతుంది. అక్రోటు కాయలు, స్ట్రాబెర్రీ పండ్లు, మేకపాల జున్ను, తేనె, రకరకాల కూరగాయలు అక్కడ దొరుకుతాయి. పెరిగోర్ అక్రోటుకు 2002లో మూలప్రాంత గుర్తింపు కూడా లభించింది. ఈ సీమ వంటకాలలో బాతు మాంసానికి పెద్దపీట వేస్తారు. శాకాహారులకు భోజనశాలలలో ఎంపిక తక్కువగానే ఉంటుంది. ఉద్యోగరీత్యా ఐరోపా నగరాలలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు జీత్‌లోని వంటగది ఇందువల్ల మరింత ఉపయోగపడుతుంది. సంతలో తెచ్చిన వంకాయలు, టమాటాలతో ఇంటి వంట చేసుకొని, బిడ్డకు అలవాటైన పప్పన్నం పెట్టుకోవచ్చు.

మధ్యాహ్నం పన్నెండు గంటలయ్యేసరికి పల్లె దుకాణాలు చాలావరకు మూతపడతాయి. మళ్ళీ రెండు గంటల తరువాతే తెరుస్తారు. భోజనశాలలలో కూడా రెండు దాటితే వంట దొరకడం కష్టం. కొత్తవారికి ఇది విసుగు కలిగించవచ్చు. పసిబిడ్డ ఉన్న ఇంటికి మాత్రం ఈ పద్ధతి చక్కగా నప్పుతుంది. బిడ్డ ఆకలి వేళకు ఊరంతా భోజనం చేస్తుంది. బిడ్డ నిద్రవేళకు ఊరంతా సద్దుమణుగుతుంది. అక్కడి కిటికీలకు వెలుపల కొయ్య రెక్కలు ఉంటాయి. ఎండ ముదిరినప్పుడు వాటిని మూసివేస్తే మందమైన రాతిగోడల మధ్య గది చల్లగా, చీకటిగా ఉంటుంది. సాయంత్రం నాలుగు గంటలకు పిల్లలకు రొట్టె, చాక్లెట్ లేదా పండ్లు పెట్టడం ఫ్రాన్స్ అంతటా ఉన్న ఆచారం.

ఆ కొయ్య రెక్కల అవసరం రాత్రివేళ మరొకసారి కలుగుతుంది. జూన్ చివర దొర్దోన్‌లో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి పది గంటలు కావస్తుంది. ఫ్రాన్స్ పశ్చిమ భాగం భౌగోళికంగా గ్రీన్విచ్ రేఖకు దగ్గరగా ఉన్నా, గడియారం మాత్రం వేసవిలో గ్రీన్విచ్ కాలం కంటే రెండు గంటలు ముందుంటుంది. ఎండ కాస్తుండగా నిద్రపొమ్మంటే ఏ బిడ్డ ఊరుకుంటుంది? రెక్కలు మూసి గదిని చీకటి చేయడమొక్కటే ఉపాయం. బిడ్డ నిద్రపోయిన తరువాత కూడా మిగిలే ఆ రెండు గంటల వెలుగు తల్లిదండ్రులకు లభించే కానుక.

ఇట్లా ఒకేచోట ఉండిపోతే విసుగు పుట్టదా, అంతదూరం వెళ్ళి నాలుగు ప్రదేశాలు చూడకపోతే ఖర్చు వృథా కాదా అని కొందరు అడగవచ్చు. ఈ ప్రశ్నకు సమాధానం పసిబిడ్డ స్వభావంలోనే ఉన్నది. పెద్దలు కొత్తదనాన్ని కోరతారు. మూడు నాలుగేళ్ళ పిల్లలు తెలిసినదాన్నే మళ్ళీ మళ్ళీ కోరతారు. చెప్పిన కథనే చెప్పమంటారు. నిన్న చూసిన గాడిదనే ఈ రోజు కూడా చూడాలంటారు. రోజుకొక ఊరు, పూటకొక పడక మారుస్తూ తిరిగితే వారి నిద్ర చెడుతుంది, తిండి చెడుతుంది, వారితోపాటు పెద్దల సెలవూ చెడుతుంది. ఒకే ఇంట్లో వారం రోజులు ఉంటే మూడవనాటికి ఆ ఇల్లు బిడ్డకు తన ఇల్లే అవుతుంది. పిల్లలను పల్లెలో ప్రకృతి నడుమ పెంచాలని, తొందరపడి వారికి అన్నీ నేర్పాలని చూడరాదని తత్త్వవేత్త రూసో 1762లో 'ఎమిల్' అనే గ్రంథంలో వాదించాడు. ఆయన సిద్ధాంతాలన్నింటినీ అంగీకరించనవసరం లేదు. బాల్యానికి దాని సొంత వేగం ఉంటుందన్న ఒక్క మాట మాత్రం ఇటువంటి సెలవులో ప్రత్యక్షంగా తెలిసివస్తుంది.

రెండు రోజులకు ఒకసారి దగ్గరలోని ఒక్క ప్రదేశానికి వెళ్ళి రావడం మంచి పద్ధతి. బెనాక్, కాస్తెల్నో అనే రెండు కోటలు దొర్దోన్ నదికి ఆవల ఒకటి, ఈవల ఒకటి ఎదురెదురుగా నిలిచి ఉన్నాయి. 1337 నుండి 1453 వరకు సాగిన నూరేళ్ళ యుద్ధంలో అవి శత్రువర్గాలకు స్థావరాలుగా ఉండేవి. పూర్వం సరుకులు మోసిన బల్లపరుపు అడుగుగల పడవల నమూనాలో చేసిన పడవలలో నేడు యాత్రికులను నదిమీద తిప్పుతున్నారు. ఒక గంట విహారం పసిబిడ్డకు సరిపోతుంది.

సార్లాకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో మొంతిన్యాక్ దగ్గర ప్రసిద్ధమైన లాస్కో గుహ ఉన్నది. 1940 సెప్టెంబరులో నలుగురు కుర్రవాళ్ళు దీనిని కనుగొన్నారు. పదిహేడు వేల ఏళ్ళకు పైబడిన ఎద్దులు, గుర్రాలు, జింకల చిత్రాలు ఆ గుహ గోడల మీద ఉన్నాయి. 1948లో దీనిని ప్రజలకు తెరిచారు. రోజూ వందలమంది లోపలికి వెళ్ళడంతో వారి ఊపిరి నుండి వెలువడిన బొగ్గుపులుసు వాయువు, తేమ, వెలుతురు కలిసి చిత్రాలకు హాని చేశాయి. గోడలమీద పాచి పట్టసాగింది. 1963లో గుహను మూసివేశారు. నేడు యాత్రికులు చూసేది నమూనా గుహలనే. మొదటి నమూనాను 1983లో, గుహను ఇంచుమించు పూర్తిగా చూపే నమూనాను 2016లో ప్రారంభించారు. ఒక అందమైన చోటును ప్రేమించి అందరూ అక్కడికే చేరితే ఆ ప్రేమే దానికి ముప్పు కాగలదని లాస్కో చరిత్ర హెచ్చరిస్తున్నది.

పల్లె ప్రశాంతంగా ఉన్నంత మాత్రాన అక్కడ ప్రమాదాలు ఉండవని అనుకోరాదు. చాలా జీత్‌లకు ఈతకొలను ఉంటుంది. పసిపిల్లలు నీటిలో పడితే కేకలు వేయరు, చప్పుడు లేకుండా క్షణాలలో మునిగిపోతారు. ఇటువంటి మరణాలను నివారించడానికి ఫ్రాన్స్ ప్రభుత్వం 2003 జనవరి 3న ఒక చట్టం చేసింది. దాని ప్రకారం నేలలో తవ్వి కట్టిన ప్రతి ప్రైవేటు కొలనుకు కంచె, హెచ్చరిక గంట, గట్టి మూత, మూసి ఉంచగల కప్పు అనే నాలుగింటిలో ఏదో ఒక రక్షణ ఉండాలి. ఇల్లు కుదుర్చుకొనే ముందే ఈ సంగతి అడగాలి. ఎన్ని రక్షణలు ఉన్నా పెద్దవారి చూపుకు అవి ప్రత్యామ్నాయం కావు. ఎండ విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2003 ఆగస్టులో వచ్చిన వడగాలులకు ఫ్రాన్స్‌లో సుమారు 15 వేలమంది మరణించారు. మధ్యాహ్నం పిల్లలను బయట తిప్పరాదు, తరచుగా నీరు తాగించాలి. అడవిదారుల్లో, గడ్డిలో తిరిగి వచ్చిన సాయంత్రం వారి ఒంటిమీద గోమార వంటి రక్తం పీల్చే పురుగులు అంటుకొన్నాయేమో చూడాలి. అత్యవసర వైద్యసహాయానికి 15, ఐరోపా అంతటా పనిచేసే అత్యవసర సంఖ్య 112 గుర్తుంచుకోవాలి.

ఈ సెలవులో విశ్రాంతి ఎవరికి లభిస్తున్నదన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ఇల్లు అద్దెకు తీసుకోవడం అంటే వంట, గిన్నెలు, బట్టలు, బిడ్డ ఆలనా పాలనా అన్నీ మన చేతిలోనే ఉండటం. ఇంటివద్ద ఆ పనులన్నీ ఒక్క తల్లి మీదనే పడుతూ ఉంటే, పల్లెలోనూ అదే జరుగుతుంది. ఆమెకు వంటగది మారుతుందే గాని పని మారదు. అందువల్ల రొట్టె తేవడం ఒకరు, వంట ఒకరు, గిన్నెలు ఒకరు అని మొదటినాడే పంచుకోవాలి. ఉదయం తండ్రి బిడ్డను తీసుకొని బయటికి వెళితే తల్లికి రెండు గంటలు ఏ పనీ లేని కాలం దొరుకుతుంది. సాయంత్రం ఆమె వంతు. అందరికీ అందని విశ్రాంతిని కుటుంబ విశ్రాంతి అనలేము.

ఈ మాట సమాజానికి కూడా వర్తిస్తుంది. ఐదు వారాల సెలవు చట్టంలో ఉన్నా, నేటికీ ఫ్రాన్స్‌లో చాలా కుటుంబాలు డబ్బులేక ఊరు కదలలేకపోతున్నాయి. వేసవి అంతా నగరంలోనే ఉండిపోయిన పిల్లలను ఒక్కరోజైనా బయటికి తీసుకువెళ్ళే కార్యక్రమాన్ని ఒక స్వచ్ఛంద సంస్థ 1979 నుండి నిర్వహిస్తున్నది. తక్కువ ఆదాయం గల ఉద్యోగులకు తోడ్పడే సెలవు చెక్కుల పద్ధతిని ప్రభుత్వం 1982లో ప్రవేశపెట్టింది. పల్లెల పరిస్థితి కూడా మిశ్రమంగానే ఉన్నది. అతిథుల రాకవల్ల పాత ఇళ్ళు నిలిచాయి, సంతలు కళకళలాడుతున్నాయి. అయితే బయటివారు ఇళ్ళు కొనుక్కొని వేసవిలో మాత్రమే తెరిచే చోట్ల చలికాలంలో వీధులు చీకటిగా ఉంటాయి. ధరలు పెరిగి ఆ ఊరి యువకులే అక్కడ ఇల్లు కొనలేకపోతున్నారు. కావున అతిథిగా వెళ్ళేవారు ఆ ఊరి దుకాణంలోనే సరుకులు కొనడం, ఆ ఊరి వేళలను గౌరవించడం, పొలాల గట్లు, కంచెలు చెడగొట్టకుండా నడవడం కనీస ధర్మాలు.

ఈ వివరాలన్నీ చదువుతున్నప్పుడు తెలుగు పాఠకులకు వేసవిలో అమ్మమ్మగారి ఊరు గుర్తుకు రావడం సహజం. అక్కడ కూడా మనం చూసిన వింతలు తక్కువ, ఉన్న రోజులు ఎక్కువ. అదే చెరువు, అదే మామిడితోపు, అదే అరుగు. ఫ్రాన్స్‌లో కూడా ఎందరో పిల్లలు వేసవిని తాతయ్య, నాయనమ్మల పల్లె ఇంట్లోనే గడుపుతారు. అటువంటి ఇల్లు లేనివారికి, ఉన్నా పోగొట్టుకొన్నవారికి జీత్ ఆ లోటును కొంతవరకు పూరించింది. పల్లెతో బంధుత్వం లేకపోయినా అక్కడ వారం రోజులు ఇంటివారివలె ఉండే అవకాశం కల్పించింది.

పసిబిడ్డ పెద్దయిన తరువాత ఆ పల్లె పేరు కూడా మరచిపోవచ్చు. తొందరలేని తల్లిదండ్రుల మధ్య గడిపిన ఆ రోజుల ప్రభావం మాత్రం ఆ బిడ్డ మనసులో నిలిచే ఉంటుంది. 1936లో కార్మికులు పోరాడి సాధించుకొన్నది ఇటువంటి రోజులనే. వాటిని పరుగులతో నింపివేయకుండా, ఇంట్లో అందరికీ సమానంగా దక్కేట్లు గడపడం ఆ హక్కును సార్థకం చేసుకోవడమే అవుతుంది.